జోడు సైకిలు మీద తాండూరుకు

పెళ్లయిన అయిదేళ్ల దాకా మా వారు సైకిలు తొక్కగా నేను చూడలేదు. సైకిలు పక్కన నడవగా మాత్రం రోజూ చూసేదాన్ని. వికారాబాద్‌లో ఒక హైస్కూల్లో ఆయన సోషల్ మాస్టారు. ఉదయం సైకిలు బయటికి తీసి, గుడ్డతో తుడిచి, హ్యాండిల్‌కు సంచి తగిలించి, చేత్తో నడిపించుకుంటూ బడికి వెళ్లేవారు. సాయంత్రం అలాగే నడిపించుకుంటూ వచ్చేవారు. దారిలో అందరూ పలకరిస్తారనీ, సైకిలు మీద కూర్చుని జవాబు చెప్తే మర్యాదగా ఉండదనీ నాతో అనేవారు. నేను నమ్మాను. ఊరు కూడా నమ్మింది. మాస్టారికి గర్వం లేదని పేరొచ్చింది.

నాకు సైకిలు వచ్చు. మా నాన్న వికారాబాద్ జంక్షన్లో రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మ్యాన్. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు నెలల తరబడి మూతపడ్డప్పుడు, ఇంట్లో అల్లరి పడలేక ఆయన నన్ను స్టేషనుకు తీసుకుపోయేవాడు. గూడ్స్ షెడ్డు దగ్గర ఖాళీగా పడి ఉన్న పొడవాటి ప్లాట్‌ఫారం మీద ఆయన సైకిలు మీదే నేర్చుకున్నాను. ఆ ఏడాది నాకు చదువు పోయింది, సైకిలు వచ్చింది. పెద్దమనిషినయ్యాక మా అమ్మ దాన్ని ముట్టనివ్వలేదు. తర్వాత నేను ప్రైమరీ స్కూల్లో పంతులమ్మనయ్యాను. పంతులమ్మలు సైకిలెక్కే రోజులు కావవి. కాబట్టి మా ఇంట్లో సైకిలు వచ్చినావిడ నడిచి వెళ్లేది, రానాయన సైకిలుతో వెళ్లేవారు.

ఎనభైల మొదట్లో మా ఊళ్లో ఒక సంఘం ఉండేది. దేశంలో ఏది పాడవుతున్నా దాన్ని కాపాడాలని తీర్మానం చేయడం దాని పని. అధ్యక్షులు ఒక వకీలు గారు. కార్యదర్శి మా వారు. ఒకసారి వకీలు గారు కోర్టు పని మీద రైల్లో తాండూరు వెళ్తూ కిటికీలోంచి ఒక దృశ్యం చూశారట. పట్టాల పక్కన పశువులు మేసే గైరాన్ భూమి. నేల మీద పరిచే బండలకు పాలిష్ పట్టే మిషన్ల వాళ్లు విరిగిన బండలనూ, బండలు కోసినప్పుడు వచ్చే తెల్ల బురదనూ తెచ్చి అందులో పారబోస్తున్నారు. గడ్డి చచ్చిపోతోంది. మిగిలిన మట్టి వానకు కొట్టుకుపోతోంది. వకీలు గారికి కళ్లలో నీళ్లు తిరిగాయట. తిరుగు ప్రయాణంలో అవతలి వైపు సీటు దొరకడం వల్ల రెండోసారి చూడలేకపోయారు.

ఆ ఆదివారం సంఘం సమావేశమై ఆ భూమిని కాపాడాలని తీర్మానించింది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా, పాతిక మైళ్లు సైకిలు యాత్ర. దారిపొడవునా విరాళాలు పోగుచేయాలి. వచ్చినదానితో గైరాన్ చుట్టూ గోడ కట్టాలి. అక్కడికి వెళ్లి ఆ భూమిని ఒకసారి చూసి వద్దామని మాత్రం ఎవరూ అనలేదు.

ఉత్తి సైకిళ్లైతే జనం చూడరని ఎవరో అన్నారు. అప్పుడు జోడు సైకిలు మాట వచ్చింది. ఒకప్పుడు ఊళ్లో ఉండి వెళ్లిపోయిన తెల్లదొర దంపతులు దాన్ని వదిలేసి పోయారు. రెండు సీట్లు, రెండు హ్యాండిళ్లు, రెండు జతల పెడళ్లు, చక్రాలు మాత్రం రెండే. స్టేషను రోడ్డులో సైకిళ్లు అద్దెకిచ్చే చాచా దాన్ని కొని, దుకాణం గోడకు ఎత్తున వేలాడదీశాడు. ఎవరూ అద్దెకు తీసుకోలేదు. సంఘంలో మాత్రం దాని మీద పెద్ద పోటీ జరిగింది. ముందు సీటుకు తొమ్మిది మంది ముందుకొచ్చారు. వెనక సీటుకు ఒక్కరూ రాలేదు. ఒకరి వెనక కూర్చుని తాండూరు దాకా వాళ్ల వీపు చూస్తూ పోవడానికి ఏ పెద్దమనిషీ ఒప్పుకోలేదు. చివరికి మా వారు లేచి, "నేనూ మా ఆవిడా ఎక్కుతాం" అన్నారట. చప్పట్లు కొట్టారట.

ఇంటికొచ్చి నాతో, "నిన్ను తాండూరు తీస్కపోతున్న" అన్నారు.

"ఏం పని మీద?"

"భూమిని కాపాడనీకి."

"పప్పు పొయ్యి మీదున్నది. జర ఆగుండ్రి" అన్నాను.

సంగతంతా విన్నాక నాకు కోపం రాలేదు. పదేళ్లకు పైగా ఎక్కని సైకిలెక్కవచ్చు కదా అని లోపల సంతోషమే వేసింది. పైకి మాత్రం రెండు రోజులు ముఖం ముడుచుకునే ఉన్నాను. అడగకుండా మాటిచ్చినందుకు ఆ మాత్రం ఉండాలి.

తెల్లవారుజామున బడి మైదానంలో అభ్యాసం మొదలుపెట్టాం. చాచా వచ్చి సైకిలు పట్టుకున్నాడు. ముందు సీటుకు మగవాళ్ల సైకిలుకున్నట్టు అడ్డకడ్డీ ఉంది. వెనకది కడ్డీ లేకుండా ఆడవాళ్ల కోసం చేసింది. మా వారు ముందు ఎక్కారు, నేను వెనక. చాచా వదిలాడు. సైకిలు నాలుగు గజాలు పోయి, కబడ్డీ కోర్టు గీత మీద పడుకుంది. మళ్లీ ఎక్కాం. మళ్లీ పడ్డాం. మూడోసారి కావాలనే అన్నట్టు వాలీబాల్ స్తంభానికి గుద్దుకున్నాం.

చాచా నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి, "బేటీ, సారుకు సైకిల్ రాదు. నాకు పదేండ్ల సంది ఎరుకే" అన్నాడు.

"మల్ల ఎందుకు చెప్పలే చాచా?"

"నెలకోపారి గాలి కొట్టిచ్చుకపోతడు, ఓవరాయిలింగ్ చేపిస్తడు. మంచి గిరాకి. ఎట్ల చెప్తనమ్మా?"

నేను మా వారి దగ్గరికొచ్చి దుమ్ము దులిపాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. చిన్నప్పుడు నేర్చుకుంటూ ముళ్లకంపలో పడ్డారట. ఆ తర్వాత చాలా ఏళ్లు ఎక్కలేదు. కాలేజీకొచ్చాక రాదని చెప్పడానికి సిగ్గేసి సైకిలు కొన్నారు. తిన్నగా ఉన్న దారిలో ముప్ఫయి గజాలు పోగలరు, అంతే.

"నేను ముందల కూసుంట. మీరు ఎనక కూసోండ్రి" అన్నాను.

"జనం చూస్తే?"

"చూడనీకే గద పోతున్నం."

ఆయన మైదానం నలువైపులా చూశారు. "ఊరు లేనిచోట నువ్వు ముందల. ఊరొచ్చేముందల దిగి మారుదం. నా ఇజ్జత్ కాపాడు" అన్నారు. ఒప్పుకున్నాను. భూమితో పాటు దీన్నీ కాపాడే పని నాకు పడింది.

యాత్ర రోజు వచ్చింది. కందిచేలు పూత మీదున్న చలికాలం. ఎర్రటి బ్యానరు కట్టిన జీపులో మైకుతో వకీలు గారు. వెనక పద్నాలుగు సైకిళ్లు. వాటి వెనక మా జోడు సైకిలు. వకీలు గారు భూమి గురించి గంటసేపు మాట్లాడారు. ఎండెక్కింది. ముందు సీటు మీద తెల్ల పైజామా, లాల్చీలో మా వారు, వెనక నేను, బజారు చివరి దాకా చాచా ఒక చెయ్యి వేసి నడిపించాడు. అది గౌరవం కోసమని జనం అనుకున్నారు. ఊరు దాటగానే దిగి, నాట్లేసే ఆడవాళ్లలా చీర కాసె పోసి కట్టుకుని ముందుకు వెళ్లాను.

అనంతగిరి ఎక్కుడు దగ్గర అందరూ దిగి నెట్టారు. సగం ఎక్కాక కొందరికి కాళ్లు పట్టాయి, కొందరికి ఇంట్లో పని గుర్తుకొచ్చింది. తాండూరు బస్సు వస్తే ఆపి, సైకిళ్లు పైకెక్కించి తొమ్మిది మంది వెళ్లిపోయారు. మిగిలిన అయిదుగురు ఆ బస్సు వెనకాలే వచ్చిన ఇంకో బస్సెక్కారు. వకీలు గారి జీపు ఎప్పుడో ముందుకెళ్లింది. దాని డీజిలు పొగలోంచి "మన భూమిని మనమే కాపాడుకుందాం" అనే మాట మాత్రం కాసేపు వినబడింది.

గుట్ట దిగుతుంటే నాకు పన్నెండేళ్ల పిల్లనైనట్టు అనిపించింది. చలిగాలి ముఖానికి కొడుతోంది. చెట్లు రెండు పక్కలా పరుగెడుతున్నాయి. వెనక ఆయన నా నడుం పట్టుకుని, "మెల్లగా, మెల్లగా" అంటున్నారు. అంతకు ముందు ఎన్నడూ పగటిపూట, ఆరుబయట ఆయన నన్ను తాకలేదు.

ధారూరుకు ఫర్లాంగు ముందు సీతాఫలం పొదల చాటున ఆగి సీట్లు మారుతున్నాం. పక్కన కందిచేనులో పని చేస్తున్న ఒకావిడ గట్టు మీదికొచ్చి నిలబడింది.

"సైకిల్ కరాబైందా బిడ్డా?"

"లేదక్కా, సీట్లు మారుతున్నం."

"ఎందుకు? ఇప్పటిదాంక నువ్వే మంచిగ తోలుకొస్తివి. నేను చూస్తనే ఉన్న."

నేను మా వారి వైపు చూశాను. ఆయన లాల్చీ సర్దుకుంటూ, "ఊర్లె గిట్లనే పోవాలె. పద్ధతి" అన్నారు.

"ఏం పద్ధతో" అని ఆవిడ కొడవలి తీసుకుని చేనులోకి వెళ్లిపోయింది.

ఊరి మొదటి దాకా నడిచి, అక్కణ్నుంచి ఎలాగో ముప్ఫయి గజాలు తొక్కి, జనం కనబడగానే మా వారు దిగి, రెండు చేతులా దండం పెట్టి, సైకిలు నడిపించడం మొదలుపెట్టారు. ఆ పనిలో ఆయనను మించినవారు లేరు. ఇంత దూరం తొక్కి కూడా జనాన్ని చూసి దిగాడని పెద్దలు మెచ్చుకున్నారు. దండ వేశారు, చాయ్ ఇచ్చారు, హుండీ డబ్బాలో చిల్లర వేశారు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన నన్ను చూసి, "ఎనక ఊకెనే కూసోని తిర్గుతున్నవా బిడ్డా? నీకేం ఫికర్!" అన్నాడు. నా కాళ్లు వణుకుతున్నాయి. నవ్వి ఊరుకున్నాను.

ప్రతి ఊరికీ ఇదే వరస. ఊరి ముందు దిగడం, ఊరి తర్వాత ఎక్కడం. మధ్యాహ్నం అయ్యేసరికి బండి బరువెక్కినట్టు అనిపించింది. జోడు సైకిలుకు రెండు జతల పెడళ్లూ ఒకే గొలుసుకు కట్టుబడి తిరుగుతాయి. వెనకాయన ఊరికే కాళ్లు పెట్టుకుని కూర్చున్నా కాళ్లు తిరుగుతూనే ఉంటాయి. చూసేవాళ్లకు కష్టపడి తొక్కుతున్నట్టే కనబడుతుంది. సంఘంలో చాలామంది పని అలాగే నడిచేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయనను ఏమీ అనలేదు. రొప్పి రొప్పి నోరు ఎండిపోయింది, అనడానికి ఓపిక కూడా లేదు.

తాండూరు దగ్గర పడింది. రోడ్డుకు రెండు పక్కలా బండలు నిలువుగా పేర్చి ఉన్నాయి. పాలిష్ మిషన్ల చప్పుడు వినబడుతోంది. ఇంకో మలుపు తిరిగాక మారుదామని అనుకున్నాం. మలుపు తిరిగాం. అక్కడే జనం. స్వాగత సంఘం వాళ్లు ఉత్సాహం పట్టలేక ఊరి బయటికే ఎదురొచ్చారు. బ్యాండు మేళం, జీపు, వకీలు గారు, బస్సులో వచ్చి ముఖాల మీద నీళ్లు చల్లుకుని చెమట పట్టినట్టు నిలబడ్డ మా పద్నాలుగు మంది. చీర కాసె పోసుకుని ముందు సీట్లో నేను, నా నడుం పట్టుకుని వెనక సీట్లో మా వారు.

బ్యాండు ఆగిపోయింది.

పెద్ద బండల ఫ్యాక్టరీ ఉన్న ఒక సేటు చేతిలో దండ పట్టుకుని ముందుకొచ్చాడు. నన్ను చూశాడు. పరాయి ఆడదాని మెడలో దండ ఎలా వేస్తాడు? వెనక ఉన్న మా వారికి వేయాలంటే నా మీదుగా చెయ్యి చాపాలి. దండ అటూ ఇటూ ఊగింది. చివరికి హ్యాండిల్‌కు వేసి దండం పెట్టాడు. ఆ రోజు సన్మానాలన్నింటిలోనూ సరైనది అదొక్కటే.

వకీలు గారు మైకు అందుకున్నారు. కేసు ఎటు తిరిగినా తనవైపు తిప్పుకోవడం ఆయనకు అలవాటే. "మన కార్యదర్శి గారు పాతిక మైళ్లు ఒంటిచేత్తో లాక్కొచ్చి, ఊరు చేరే క్షణంలో తన శ్రీమతికి ముందు సీటు ఇచ్చారు. స్త్రీజాతిని ఇంతకన్నా ఎవరు గౌరవించగలరు?" అన్నారు. చప్పట్లు మోగాయి. మా వారు లేదని చెప్తారని చూశాను. ఆయన దండం పెట్టారు. గుట్ట ఎక్కినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాను.

సభ గైరాన్ మీదే పెట్టారు. నిలబడడానికి చోటు ఉండాలని అరెకరం జాగాలో గడ్డి చెక్కించి, పాలిష్ బండలు పరిచి వేదిక చేశారు. సేటు మాట్లాడుతూ, గోడ కోసం తన వంతుగా ఒక లారీ బండలు ఇస్తున్నానన్నాడు. ఇంకో ఫ్యాక్టరీ ఆయన లేచి రెండు లారీలన్నాడు. మూడో ఆయన మూడన్నాడు. లారీలు ముందే సిద్ధంగా ఉన్నట్టున్నాయి, మాట పూర్తయ్యేలోపే వచ్చి నిలబడ్డాయి. అక్కడే, గడ్డి మిగిలిన వైపు, బండలన్నీ గుమ్మరించారు. అన్నీ మూలలు విరిగినవి, నెర్రెలిచ్చినవి. ఎలాగూ పారబోయాల్సినవే. అంతకుముందు ఎవరూ చూడకుండా పారబోసేవారు, ఇప్పుడు చప్పట్ల మధ్య పారబోశారు. ప్రతి కుప్ప మీదా దాత పేరు చెక్కిన నున్నటి బండ ఒకటి పెట్టారు. ఆ ఒక్కటి మాత్రం మంచి సరుకు.

మేకలు మేపుకునే ఒక ముసలమ్మ వేదిక దాకా వచ్చింది. చేతిలో కట్టె ఉంది.

"సారూ, రాళ్లు పోస్తున్నరని, ఆపనీకి మీరొచ్చిన్రంటిరి. మల్ల మీరే పోస్తిరి?"

"ఇవి వేరే రాళ్లమ్మా. ఇవి విరాళం" అన్నారు వకీలు గారు ఓపిగ్గా.

"నా మేకలకెట్ల తెలుస్తది, ఏది ఇరాళమో?"

జనంలో ఎవరో నవ్వారు. వాలంటీర్లు ఆమెను పక్కకు తీసుకుపోయారు. మా వారు నవ్వలేదు. వేదిక దిగి ఆమె వెనకాలే నాలుగడుగులు వేశారు. తర్వాత ఆయనను ఫోటో కోసం పిలిచారు.

సాయంత్రం ప్యాసింజర్లో తిరిగొచ్చాం. జోడు సైకిలు గార్డు పెట్టెలో వేశాం. మేమెక్కిన పెట్టెలో జనం పెద్దగా లేరు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన ఎదుటి బల్ల మీద కూర్చున్నారు. పొద్దు గుంకుతుండగా, "నేను మద్యాన్నం సంది తొక్కుడు ఇడ్సిపెట్టిన" అన్నారు.

"నాకెరుకే."

"ఎట్ల?"

"నా కాళ్లకు తెల్వదా?"

ఆయన తల దించుకున్నారు. "మైకు ముందల చెప్పాలనుకున్న. నోరు రాలే. రేపు బడిల చెప్త" అన్నారు.

చెప్తారని నేను అనుకోలేదు. మర్నాడు స్టాఫ్‌రూములో నిజంగానే చెప్పారట. ముళ్లకంప దగ్గర మొదలుపెట్టి తాండూరు దాకా అంతా. విన్నవాళ్లు, మాస్టారికి ఎంత వినయమో అని ఇంకా మెచ్చుకున్నారట. ఒక్కరూ నమ్మలేదు. ఆయన ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే, ఆ రోజు మాత్రం నాకు నవ్వాగలేదు.

గోడ ఎలా కట్టాలన్న దాని మీద సంఘం నాలుగుసార్లు సమావేశమైంది. ఎత్తు ఎంత ఉండాలి, గేటు మీద ఎవరి పేరు ఉండాలి అన్న దగ్గర ఆగిపోయింది. బండలు అక్కడే పడి ఉన్నాయి. వాటి కింద గడ్డి తెల్లబడింది. ఒక ఆదివారం పొద్దున్నే మా వారు చెప్పులేసుకుంటూ, "తాండూరు పోదామా?" అన్నారు. ఈసారి అడిగారు, చెప్పలేదు. రైల్లో వెళ్లాం.

ముసలమ్మ మమ్మల్ని గుర్తుపట్టింది. సంతోషించలేదు.

"ఇంకా తెచ్చిన్రా?" అంది.

"తేలేదవ్వా. ఉన్న రాళ్లతోని ఏం చేద్దామని అడగనీకి వచ్చినం" అన్నారు మా వారు.

ఆమె కట్టెతో చూపించింది. వాన పడితే నీళ్లు ఎక్కడినుంచి దిగుతాయో, మట్టిని ఏ వైపు లాక్కుపోతాయో, నీళ్లు కోసిన ఏ ఒర్రె ఏడాదికెంత లోతవుతోందో ఆమెకు తెలుసు. గోడతో ఏం పని, ఆ ఒర్రెలకు అడ్డంగా బండలు నిలబెడితే మట్టి ఆగుతుంది కదా అంది. గనిలో బండలు లేపే పని చేసే ఆమె మరిది గడ్డపారతో వచ్చాడు. చాచా కూడా ఒకసారి వచ్చి తాళ్లు కట్టి లాగే ఉపాయం చెప్పిపోయాడు. ఎండాకాలం మొత్తం ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. నా అరచేతులు కాయలు కాశాయి. మా వారి నడుం పట్టేసింది. ఒర్రె చివర గట్టి బండ కావలసి వస్తే దాతల పేర్లు చెక్కిన బండలే పనికొచ్చాయి. అక్షరాలు లోపలి వైపుకు పెట్టి పూడ్చాం.

వకీలు గారికి కబురందింది. సంఘం ఆస్తిని తీర్మానం లేకుండా ఎందుకు నిలబెట్టారో సంజాయిషీ ఇవ్వమని కార్యదర్శికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్ని కార్యదర్శిగా మా వారే అందుకుని, ఆయనే ఫైల్లో పెట్టి, పరిశీలనలో ఉందని ఆయనే జవాబు రాశారు. అదింకా పరిశీలనలోనే ఉండగా సంఘం చెట్లను కాపాడే పనిలో పడి భూమిని మరిచిపోయింది.

గైరాన్ అంతా మిగిలిందని చెప్పలేను. రోడ్డు వైపు సగం తర్వాతి ఏళ్లలో బురద కిందికే పోయింది. మేం వెళ్లి అడిగితే మిషన్ల వాళ్లు చాయ్ తాగించి పంపేవారు. కానీ బండలు నిలబెట్టిన వైపు రెండు వానాకాలాలకు మోకాలెత్తు మట్టి ఆగింది. దాంట్లో గడ్డి మొలిచింది. మొలిచిందని కబురు తెలిసి చూడ్డానికి వెళ్లాం. మేకలు తల ఎత్తకుండా మేస్తున్నాయి. మా వారి ముఖంలో అంత వెలుగు నేను ఏ సభలోనూ చూడలేదు.

ముసలమ్మ ఎప్పుడూ మమ్మల్ని మెచ్చుకోలేదు. ఆ రోజు కూడా మమ్మల్ని నేరుగా మూడో ఒర్రె దగ్గరికి తీసుకుపోయింది. ఒక బండ కాస్త వంకరగా ఉంది, దాని పక్కనుంచి నీళ్లు దారి చేసుకుని మట్టిని కోస్తున్నాయి.

"సదువుకున్నోళ్లు గదా మీరు, నీళ్లు ఏ దిక్కు పోతయో గంత గూడ తెల్వదా? గది మీరే పెట్టిన్రు" అని కసిరింది.

మా వారు నా వైపు చూశారు. అది ఆయనే పెట్టారు. నేను బండ వైపు చూశాను. ఆయన లాల్చీ చేతులు పైకి మడిచి, "నేనే పెట్టిననవ్వా, తప్పైంది" అన్నారు. ఆమె గడ్డపార తెచ్చి ఆయన చేతికిచ్చింది.